ఐసు దిమ్మ కింద లోయ

కృష్ణలంక మున్సిపల్ స్కూలు, తొమ్మిది బి.
కిటికీ అవతల కరకట్ట, కట్ట అవతల ఇసక,
ఇసక అవతల ఎక్కడో పంచె అంచంత నీరు.
మే దాకా ఎందుకు, మార్చికే అంతే.

మెహరున్నీసా టీచర్ బోర్డు మీద కొండలు గీసింది,
సుద్దముక్క అరిగేదాకా మంచు పోసింది.
"ఇవి ఆల్ప్స్. ఇక్కడి ఏరు
వానకోసం ఆగదు, ఎండకి పొంగుతుంది" అంది.
ఎవరం నమ్మలేదు.
"అయితే రోహిణి కార్తెలో వరదా టీచర్?"
వెనక బెంచీ పకపకా నవ్వింది.
"అవును. పొద్దున మోకాలి లోతు,
మధ్యాహ్నం మూడింటికి మొల లోతు,
రాత్రి చలికి మళ్ళీ తగ్గుతుంది.
రోజుకో చిన్న వరద."

మా వరద అలా కాదు.
ఎక్కడో మహాబలేశ్వరంలో కురిసిన వాన
డ్యాము డ్యాముకీ సంతకం పెట్టించుకుని
మైకులో రెండో హెచ్చరికై మా వీధికొస్తుంది.

మర్నాడు ఏసుపాదం సైకిలు కారేజీ మీద
గోనెపట్టాలో చుట్టిన ఐసు దిమ్మ తెచ్చాడు.
వాళ్ళ నాన్న ఐసు ఫ్యాక్టరీలో కొక్కెం పట్టే మనిషి;
చేపల మార్కెట్టుకి పోవలసిన దిమ్మ, ఒక మూల విరిగింది.
వరండాలో బల్లని ఏటవాలుగా నిలిపాం,
దాని మీద ఏటి ఒండ్రు, బెత్తెడు మందాన.
దిమ్మ అడుగున గులకరాళ్ళు అదిమాం.
"తొయ్యొద్దు. దాని బరువే దాన్ని నడుపుతుంది."

నడవలేదు.
బెల్లు మోగింది. లెక్కల మాస్టారు తొంగిచూసి పోయారు.
పదకొండున్నరకి ఎండ వరండా ఎక్కింది.
అప్పుడు కదిలింది,
చూలు గేదె రేవు దిగినట్టు.

దాని వెనకాల లోయ పడింది.
గరాటులా కాదు, గంగాళాన్ని సగానికి కోసినట్టు:
అడుగు బల్లపరుపు, గోడలు నిటారు.
"నీళ్ళది కత్తి కోత. మంచుది బాడిస చెక్కుడు."
పక్కన వేలితో గీసిన పిల్లకాలవ
పెద్దలోయ అంచుకొచ్చి ఆగిపోయింది.
"వేలాడే లోయ. ఇక్కణ్ణుంచి దూకాల్సిందే, వేరే దారి లేదు."
మా మున్నేరుకి అంత కష్టం లేదు,
చేతిసంచీతో బస్సెక్కినట్టు వచ్చి కృష్ణలో కలుస్తుంది.

దిమ్మ మూతి దగ్గర మొదటి చుక్క.
తర్వాత దారం.
తర్వాత ఏరు, బియ్యం కడుగునీళ్ళ రంగులో.
"రాయి పిండయితే నీళ్ళు ఇలా ఉంటాయి."
అది రెండు పాయలై, అయిదు పాయలై,
తనకు తనే అడ్డం పడుతూ,
బల్ల చివరి గుంటలో కాసేపు కూచుని
తేటపడి
గచ్చు మీదికి జారింది.

ఆయా కోటమ్మ చీపురుతో వచ్చింది.
"ఎవరే నీళ్ళు ఒలకబోసింది?"
"ఆల్ప్స్" అన్నాం అందరం.
"ఆ పిల్లనే తుడవమనండి."

మూడింటికి దిమ్మ లేదు.
లోయ ఉంది, లోయ నడుమ ఒక నల్లరాయి,
మిగతా వేటితోనూ పోలిక లేనిది.
రైలుకట్ట కంకర; ఏసుపాదం జేబులోంచి కలిపాడట.
టీచర్ దాన్ని తియ్యనివ్వలేదు.
"మంచు మోసుకొచ్చి, తను కరిగిపోతూ వదిలేసిన రాళ్ళు ఇలాగే ఉంటాయి.
చుట్టుపక్కల చుట్టాలుండరు.
ఎక్కణ్ణుంచి వచ్చాయో ఒంటిమీదే రాసుంటుంది. చదవాలి."

మా నాయనమ్మది దివిసీమ.
ఉప్పెన తర్వాత లారీలో వచ్చి ఇక్కడ దిగింది,
చంకలో మా నాన్న, చేతిలో ఒక సత్తుగిన్నె.
ఎన్నేళ్ళయినా మబ్బు పట్టిందంటే
వీధి వీధంతా బారేజీ వైపు చూస్తుంటే
ఆవిడొక్కతే సముద్రం వైపు చూసేది.

రాయిని ఆ సాయంత్రం నేనే తెచ్చుకున్నాను.
ఇప్పుడది మా నీళ్ళ డ్రమ్ము మూత మీద ఉంది,
గాలికి మూత ఎగరకుండా.